బంతి పడ్డాక పెట్టిన బిళ్ళ

నేను క్యాసినోలో పనికి కుదిరానని మా అమ్మకి ఇంతవరకూ చెప్పలేదు. హోటల్లోనే చేస్తున్నానని చెప్పాను. అందులో అబద్ధం లేదు. దుబాయ్‌కి ఉత్తరాన రాస్ అల్ ఖైమాలో సముద్రం ఒడ్డున కడుతున్న ఆ పెద్ద హోటల్లో క్యాసినో ఒక భాగం, అంతే.

అంతకుముందు నేను దుబాయ్‌లో డేరా అనే పేటలో ఒక మామూలు హోటల్ రిసెప్షన్‌లో ఉండేదాన్ని. 2020లో కరోనా వచ్చి ఆ హోటల్ ఖాళీ అయిపోయింది. ఆ వేసవంతా లాబీలో నేనూ, గాజుతొట్టిలో చేపలూ మాత్రమే మిగిలాం. తర్వాత మళ్ళీ జనం వచ్చారు గానీ నాకే ఆ కౌంటర్ వెనక నిలబడి నవ్వడం మీద మనసు విరిగిపోయింది. చేతులతో చేసే పని ఏదైనా నేర్చుకోవాలనిపించేది. కుట్టుపనో, కేకులో, ఏదో ఒకటి. క్యాసినో మాత్రం కలలో కూడా అనుకోలేదు. ఈ దేశంలో జూదం అన్న మాటే పైకి అనకూడదని అనుకుంటూ ఇన్నేళ్లు బతికినవాళ్లం. ప్రభుత్వమే లైసెన్సు ఇచ్చిందని, మనుషుల్ని తీసుకుని ట్రైనింగ్ ఇస్తున్నారని హోటల్లో ఎవరో చెబితే వేళాకోళం అనుకున్నాను. తీరా అప్లై చేశాక పిలుపు వచ్చింది. వెళ్ళాను. నా చేతులు చూసి, చకచకా లెక్కలు అడిగి తీసుకున్నారు.

మా ఆయన కాదనలేదు. ఆయన కన్‌స్ట్రక్షన్ కంపెనీలో సేఫ్టీ ఆఫీసర్. మాది కాకినాడ, ఆయనది పక్కనే పెద్దాపురం. పెళ్ళైన ఏడాదికే ఈ దేశం వచ్చేశాం. అద్దె తక్కువని మొదట్నుంచీ అజ్మాన్‌లోనే ఉంటున్నాం. ఆయన గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది నాకెందుకంత దెబ్బో అర్థం కాదు.

ఆయన తొందర అన్నది ఎరగని మనిషి. బయటికి వెళ్ళేటప్పుడు గ్యాస్ సిలిండర్ దగ్గరికి వెళ్ళి, నాబ్ మీద చెయ్యి వేసి, "ఆఫ్" అని పైకి అని, అప్పుడు చెప్పులు వేసుకుంటారు. లిఫ్ట్ తలుపు తెరుచుకున్నాక కూడా లోపల నేల ఉందో లేదో చూసి గానీ అడుగు వెయ్యరు. సైటులో క్రేన్‌తో ఏదైనా ఎత్తాలంటే, ముదీర్, అంటే మేనేజరు, కిందనుంచి "యల్లా, యల్లా" అని ఎంత తొందరపెడుతున్నా, అందరి చేతులూ తాడు మీదనుంచి తీయించి, ఒకసారి చుట్టూ చూసి, అప్పుడే చెయ్యి ఊపుతారట. ఆయన సైటులో ఒక్కడికీ ప్రాణాపాయం కలగలేదు. దాన్ని గురించి ఆయన ఎప్పుడూ గొప్పగా చెప్పుకోలేదు. ఆ గర్వం నాదే.

ట్రైనింగ్ రాస్ అల్ ఖైమా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక రేకుల షెడ్డులో జరిగేది. బయట టైర్ల దుకాణం, ఇనుప తుక్కు. లోపలికి అడుగు పెడితే చల్లటి ఏసీ, పచ్చగుడ్డ పరిచిన బల్లలు. మా ట్రైనర్ నేపాలీ ఆవిడ. ఖాట్మండూలోనూ గోవాలోనూ క్యాసినోల్లో పనిచేసి జుట్టు నెరిసిన మనిషి. మాతో హిందీలోనే మాట్లాడేది. నాతో పాటు చేరిన వాళ్లలో తెలుగు మనిషి ఇంకొక్కతే. నిజామాబాద్ అమ్మాయి, అంతకుముందు బర్ దుబాయ్‌లో సూపర్‌మార్కెట్ క్యాషియర్. నన్ను అక్కా అని పిలిచేది.

నన్ను రూలెట్‌కి వేశారు. గిన్నె లాంటి పెద్ద చక్రం ఒకవైపు తిరుగుతుంటే, దాని అంచున తెల్లబంతిని ఎదురుదిశలో వదులుతాం. బంతి తిరుగుతున్నంతసేపూ ఆడేవాళ్లు బల్ల మీద గీసిన అంకెలపైన తమ రంగు ప్లాస్టిక్ బిళ్ళలు పెట్టుకోవచ్చు. బంతి నెమ్మదించి కిందికి జారబోతుందనగా డీలర్ బల్ల మీదుగా చెయ్యి ఊపి "నో మోర్ బెట్స్" అనాలి. ఆ మాట తర్వాత పెట్టింది చెల్లదు. బంతి ఏ అంకె గడిలో పడితే ఆ అంకె మీద బిళ్ళ ఉన్నవాడికి దానికి ముప్పై అయిదు రెట్లు వస్తాయి. అంకెలు కొన్ని ఎరుపు, కొన్ని నలుపు; ఉత్త రంగు మీద కూడా పెట్టొచ్చు, తగిలితే బిళ్ళకి బిళ్ళ వస్తుంది. మిగిలిన బిళ్ళలన్నీ నేను చేత్తో ఊడ్చేస్తాను. మళ్ళీ తిప్పుతాను. ఇదంతా కాఫీ ఒక గుక్క తాగేంతలో అయిపోతుంది.

అంకెల లెక్కలు ఇంట్లో నేర్చుకున్నాను. ఆయన బీరకాయ తొక్క తీస్తూ "ముప్పై అయిదు ఏడులు?" అని అడిగేవారు, నేను చపాతీ ఒత్తుతూ చెప్పేదాన్ని. లెక్కలు వచ్చేశాయి. రానిది ఆ ఒక్క మాట, నో మోర్ బెట్స్. ఎప్పుడు అనాలో తెలిసేది కాదు.

"ముందు అంటే కస్టమర్‌కి కోపం. ఆలస్యంగా అంటే క్యాసినోకి నష్టం," అనేది ట్రైనర్. "నీ మాట ఆ రెండింటి మధ్యలో పడాలి. ఇంకో సంగతి, బంతిని చూస్తూ కూర్చోకు. బంతి ఎక్కడికీ పారిపోదు. చేతుల్ని చూడు."

నిజంగా ఆవిడ బంతిని చూసేదే కాదు. చప్పుడు విని చెప్పేసేది. కొన్ని వారాలకి నాకూ ఆ చప్పుడు తెలియడం మొదలైంది. అంచున గరగరమని తిరిగే బంతి గొంతు ఒక చోట సన్నబడుతుంది. అప్పుడు చెయ్యి ఊపాలి.

ట్రైనింగ్ చివరికి వస్తుండగా ఒక శనివారం మధ్యాహ్నం ఉత్తుత్తి ఆట పెట్టారు. మా కుటుంబాల వాళ్లనే కస్టమర్లుగా పిలిచారు. డబ్బు ప్రసక్తి లేదు. గుమ్మంలో ఒక్కొక్కరికీ ఒక రంగు బిళ్ళలు దొంతరగా ఇస్తారు, ఆట అయ్యాక తిరిగి తీసేసుకుంటారు. గెలిచినవాళ్లకి బహుమతి లేదు, ఓడినవాళ్లకి పోయేది లేదు. నిజమైన మనుషులు ఎదురుగా కూర్చుంటే మా చేతులు వణుకుతాయో లేదో చూడ్డానికి అది. మాకు పెట్టిన షరతు ఒకటే. ఎదురుగా కూర్చున్నది మొగుడైనా తమ్ముడైనా సర్, మేడమ్ అనే పిలవాలి.

ఆ రోజు కారులో వెళ్తూ మా ఆయన తన పద్ధతి చెప్పారు. "వరసగా మూడుసార్లు పోయిందనుకో, లేచిపోతాను. లేదూ, చేతిలో ఉన్నవాటిలో సగం అయిపోయినా లేస్తాను. ఏది ముందొస్తే అది. రిస్క్ అనేది ఆట మొదలెట్టకముందే కట్టెయ్యాలి. మొదలెట్టాక ఎవడి మాటా వినబడదు."

"ఉత్తుత్తి బిళ్ళలేగా, దానికేం రిస్కండీ!" అన్నాను నవ్వుతూ.

"అలవాటు అలవాటేగా," అన్నారు.

షెడ్డులో మా ఇద్దరికీ ఒకే బల్ల వచ్చింది. అంటే నేను డీలర్, ఆయన కస్టమర్. ఆయనవి ఊదారంగు బిళ్ళలు. పక్కన ఒక కేరళ దంపతులు, ఇంకొక పాకిస్తానీ పెద్దాయన. నిజామాబాద్ అమ్మాయి నా ఎడమపక్కన నిలబడింది. నేను ఊడ్చిన బిళ్ళల్ని రంగుల ప్రకారం సర్దడం ఆమె పని. ట్రైనర్ చేతులు వెనక్కి కట్టుకుని బల్లల మధ్య తిరుగుతోంది.

మొదట్లో అంతా బాగానే ఉంది. ఆయన ఎరుపు మీద ఒక బిళ్ళ పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. వచ్చింది. మళ్ళీ ఒకటి పెట్టారు. వచ్చింది. నావైపు చూసి చిన్నగా నవ్వారు. నేను నవ్వకూడదు కాబట్టి "కంగ్రాచ్యులేషన్స్ సర్" అన్నాను. కేరళ ఆవిడ ఏదో జోకు వేసింది. నా చెయ్యి వణకడం లేదని సంతోషపడ్డాను.

తర్వాత ఒకసారి పోయింది. ఇంకోసారి పోయింది. ఆయన అంకెల మీదికి మారారు. అదీ పోయింది. మూడు అయ్యాయి కదా, ఇప్పుడు లేస్తారు, అనుకుని నేను కొంచెం ఆగాను కూడా.

ఆయన లేవలేదు. "ఇది లెక్కలోకి రాదు. చూసి పెట్టలేదు," అన్నారు, ఎవరితోనో తెలియదు.

నాకు నవ్వొచ్చింది. మళ్ళీ తిప్పాను. పోయింది. ఈసారి ఆయన బిళ్ళలు లెక్కపెట్టకుండా గుప్పెడు తీసి అంకెల మీద చల్లినట్టు పెట్టారు. ఒకదానికి తగిలింది. నేను ఆయనకి రావాల్సిన దొంతర ముందుకు నెడుతుండగానే, ఇంకా నా చెయ్యి బల్ల మీద ఉండగానే, ఆయన దాన్ని లాక్కుని మళ్ళీ పరిచేశారు. కుర్చీలో ముందుకు జరిగారు. చెవులు ఎర్రబడ్డాయి. కేరళాయన ఏదో అడిగితే వినిపించుకోలేదు. ఈ మనిషి లిఫ్ట్‌లో నేల చూసుకుని అడుగు వేసే మనిషేనా అని ఒక్క క్షణం అనిపించింది. ఆ ఆలోచన పూర్తయ్యే వ్యవధి కూడా లేదు, మళ్ళీ తిప్పాలి.

"అక్కా, మీ సార్ గిట్ల ఆడుతుండేంది?" అంది నిజామాబాద్ అమ్మాయి పెదవులు కదపకుండా.

నేను బంతి తీసుకుని అంచు మీద పెట్టబోతూ ఒకసారి ఊపిరి తీసుకున్నాను.

"తిప్పు," అన్నారు ఆయన.

నేను ఆయనవైపు చూశాను.

"తిప్పవే! ఏం చూస్తున్నావు?"

ఇన్నేళ్ల కాపురంలో ఆయన నాతో ఆ గొంతుతో మాట్లాడలేదు. కేరళ ఆవిడ తన బిళ్ళల వైపు చూస్తూ కూర్చుంది. నాకు ముఖం మీద చన్నీళ్లు కొట్టినట్టైంది. అయినా నా చెయ్యి బంతిని వదిలేసింది. చేతికి నేర్పిన పని చేతిది.

బంతి గొంతు సన్నబడింది. చెయ్యి ఊపాను. "నో మోర్ బెట్స్."

బంతి గడుల మీద రెండుసార్లు ఎగిరి కూర్చుంది. పదిహేడు, నలుపు. ఆ అంకె పైకి చెప్పడానికి నోరు తెరుస్తుండగా, నా చూపు కొసన ఏదో ఊదారంగు కదిలింది. ఒక చెయ్యి బల్ల మీదికి వచ్చింది, వెనక్కి వెళ్ళింది. పదిహేడు మీద ఒక ఊదారంగు బిళ్ళ ఉంది. ఇందాక అది అక్కడ లేదు.

ఆ చెయ్యి నాకు తెలుసు. బొటనవేలి మీద చిన్నప్పుడు కొడవలి తగిలిన మచ్చ తెలుసు. అయినా కాసేపు నాకు అది ఎవరిదో తెలియనట్టే ఉంది.

ట్రైనింగ్‌లో దీన్ని వందసార్లు చేశాం. ఒకరు దొంగతనంగా బిళ్ళ పెట్టడం, ఇంకొకరు పట్టుకోవడం, అందరూ నవ్వడం. నా నోటివెంట ఆ మాటలే వచ్చాయి. "సారీ సర్. లేట్ బెట్." రెండు వేళ్లతో ఆ బిళ్ళని ఆయనవైపు జరిపాను.

"నేను ముందే పెట్టాను," అన్నారు ఆయన.

"లేదు సర్."

"ముందే పెట్టానంటున్నానుగా. నువ్వు చక్రం వైపు చూస్తున్నావు."

నా కళ్ళలోకి సూటిగా చూస్తూ అన్నారు. తడబాటు లేదు. చూపు తిప్పుకోలేదు. తర్వాత తెలిసిన సంగతి అటుంచితే, ఆ నిమిషంలో నాకు తెలిసింది ఇది. నా భర్త, ఒక్క దిర్హమ్ విలువ లేని ప్లాస్టిక్ బిళ్ళ కోసం, నలుగురి ముందు నా మొహం మీద అబద్ధం చెబుతున్నాడు. పైగా తప్పు నాదంటున్నాడు. చేతుల్ని చూడమని నాకు నేర్పిన సంగతి ఆయనకి తెలుసు. ఇంటికొచ్చి నేనే చెప్పాను.

నా కాళ్ల కింద నేల ఉందో లేదో తెలియలేదు. నోరు మాత్రం "సూపర్‌వైజర్, ప్లీజ్" అంది.

ట్రైనర్ వచ్చింది. ఎవరినీ ఏమీ అడగలేదు. "కెమెరా," అంది. గోడ మీది టీవీలో మా బల్ల పైనుంచి కనిపించింది. బంతి తిరగడం, నా చెయ్యి ఊపడం, బంతి పదిహేడులో కూర్చోవడం. అన్నీ నెమ్మదిగా. ఆ తర్వాత, బాగా ఆ తర్వాత, కిందనుంచి ఒక చెయ్యి వచ్చి, ఎంతో మామూలుగా, టీ కప్పు పక్కన పెట్టినట్టు ఒక బిళ్ళ పెట్టి వెళ్ళిపోయింది.

అన్ని బల్లల వాళ్లూ టీవీనే చూస్తున్నారు. నేను ఆయన్ని చూశాను. ఆయన మొహంలో రక్తం లేదు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. "అది... నేనేనా?" అన్నారు, నాకొక్కదానికే వినిపించేంత మెల్లగా.

ట్రైనర్ ఒక్క క్షణం ఆయన మొహం చూసింది. వెంటనే చప్పట్లు కొట్టింది. "థాంక్యూ సర్! చాలా బాగా చేశారు!" అని అందరివైపు తిరిగి హిందీలో చెప్పింది. "ఈ సర్‌కి నేనే చెప్పి పెట్టాను. డీలర్ సొంత భర్త అయినా పట్టుకుంటుందా లేదా చూద్దామని. పట్టుకుంది!"

షెడ్డంతా చప్పట్లు. కేరళాయన మా ఆయన భుజం తట్టి నవ్వాడు. పాకిస్తానీ పెద్దాయన "వాహ్, క్యా యాక్టింగ్" అన్నాడు. ఆయన అలాగే కూర్చుని ఉన్నారు. అది నాటకం కాదని తెలిసింది మాకు ముగ్గురికే. నిజామాబాద్ అమ్మాయికి కూడా తెలిసిందేమో, తల వంచుకుని ఊదారంగు బిళ్ళలు సర్దుతోంది.

ఆట అయ్యాక ట్రైనర్ నన్ను పక్కకి పిలిచింది. తిడుతుందనుకున్నాను. "మాట బాగా చెప్పావు బేటీ. కానీ చెయ్యి తొందరపడింది. అతను పరిగెత్తాడు, వెనక నువ్వూ పరిగెత్తావు. బల్ల వేగం నీ చేతిలో ఉండాలి, వాళ్ల చేతిలో కాదు," అంది.

నాకు ఆ మాటలు చెవికి ఎక్కలేదు. "మేడమ్, ఆయన అలాంటి మనిషి కాదు," అన్నాను. మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాను.

"తెలుసు. అలాంటివాడైతే ఎవరికీ దొరక్కుండా పెట్టేవాడు."

"మరి అందరూ ఇంతేనా?"

"అందరూ కాదు. ఎవరు ఎలాంటివాళ్లో కూర్చోకముందు తెలియదు, అంతే. వాళ్లకీ కూర్చున్నాకే తెలుస్తుంది." ఆవిడ నా చేతిలో టిష్యూ పెట్టింది. "నీ మనిషితోనే అయిపోయింది, మంచిదే. ఇంక ఎవరిని చూసినా నీకు ఇంత షాక్ ఉండదు."

ఆ మాట ఓదార్పుగానే అంది. నాకు మాత్రం అది వేరుగా వినిపించింది. రేపట్నుంచి రోజూ నా ఎదురుగా కూర్చునే మనుషుల చెవులు ఎర్రబడుతుంటే, నేను అలవాటు పడిపోయి, ఏమీ అనిపించకుండా ఊడ్చేస్తూ ఉంటానన్నమాట.

తిరుగు ప్రయాణంలో ఆయనే కారు నడిపారు. హైవే మీద అందరూ మమ్మల్ని దాటుకుని పోతున్నారు. ఎడారిలో ఒంటెలు కంచె పక్కన నిలబడి ఉన్నాయి. ఉమ్ అల్ క్వైన్ దాకా వచ్చాం. అక్కడ పెట్రోల్ బంకు పక్కన టీ కొట్టు దగ్గర ఆపారు. కొట్టు కుర్రాడు కారు దగ్గరికే రెండు చిక్కటి కరక్ చాయ్‌లు తెచ్చిచ్చాడు. ఆయన కప్పు మూత తీయకుండా పట్టుకుని కూర్చున్నారు.

"నేను అబద్ధం చెప్పలేదే," అన్నారు.

నేను కప్పు డాష్‌బోర్డు మీద పెట్టేశాను. "టీవీలో చూశారుగా!"

"చూశాను. అది నా చెయ్యే. కాదనట్లేదు." అద్దంలోంచి బయటికి చూస్తున్నారు. "కానీ నేను ముందే పెట్టానన్నప్పుడు నాకు ముందే పెట్టినట్టు ఉంది. కళ్ళకి కట్టినట్టు ఉంది. బంతి ఇంకా తిరుగుతోంది, నేను వంగి పదిహేడు మీద పెట్టాను. ఇప్పటికీ అలాగే గుర్తుంది. టీవీలో వేరే ఉంది, నా బుర్రలో వేరే ఉంది."

అబద్ధమే అయితే కోప్పడగలిగేదాన్ని. కోపానికి ఒక దారి ఉంటుంది. ఇది విన్నాక నాకు భయం వేసింది. పక్కన కూర్చున్న మనిషి బుర్రలో, ఆయనకే తెలియకుండా, జరిగిన దాన్ని మార్చి రాసేవాడు ఇంకొకడున్నాడా? నాలోనూ ఉన్నాడా?

"తిప్పవే అని అందరి ముందూ నామీద అరిచారు. అదైనా గుర్తుందా?" అని అడిగాను.

ఆయన గభాలున నావైపు తిరిగారు. "నిన్నా? నేనా?"

గుర్తు లేదు. ఆ మొహం చూస్తే తెలిసిపోయింది.

అప్పుడు ఆయన ఇంకొక సంగతి చెప్పారు. "మా సైటులో కరీంనగర్ వైపు కుర్రాడొకడు ఉండేవాడు, పరంజా కట్టేవాడు. ఎత్తులో బెల్టు కొక్కెం తగిలించకుండా పనిచేస్తుంటే ఫోటో తీశాను. పిలిచి అడిగితే 'తగిలించిన సార్, దేవుని తోడు' అన్నాడు. ఫోటో చూపించాను. అయినా అదే మాట. 'తగిలించిన సార్, నాకు మంచిగ యాదికున్నది' అని ఏడ్చాడు. పచ్చి అబద్ధాలకోరు అనుకున్నాను. రిపోర్టులో అదే రాశాను."

"తర్వాత?"

"ఇంటికి పంపించేశారు. ఖలాస్." కప్పు మూత నొక్కుతూ, "ఆ రోజు మధ్యాహ్నం కాంక్రీటు పోసేలోగా పరంజా అయిపోవాలని ముదీర్ నెత్తిన కూర్చున్నాడు. వాడు పరిగెడుతున్నాడు," అన్నారు.

టీ చల్లారిపోయింది. పారబోసి బయల్దేరాం.

తర్వాతి వారం నుంచి సైటులో ఆయన ఒకటి మార్చారు. కొక్కెం తగిలించావా అని మనుషుల్ని అడగడం మానేశారు. పైకెక్కి, పట్టుకుని లాగి చూస్తున్నారు. మోకాళ్ల నొప్పి ఎక్కువైందని నేను గొణిగితే, "అడిగితే వాళ్లు తమ బుర్రలో ఉన్న నిజమే చెబుతారే. ఆ నిజంతో పని లేదు," అన్నారు. ఆ కుర్రాడి నంబరు కోసం కూలీల క్యాంపులో వాకబు చేశారు. దొరికింది. ఊళ్ళోనే ట్రాక్టర్ నడుపుకుంటున్నాడట. ఫోన్‌లో ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. "కోపం లేదన్నాడు. నన్ను గుర్తుపట్టడానికే టైం పట్టింది," అని మాత్రం చెప్పారు.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. నా పరీక్ష కూడా అయింది. పరీక్షలో ట్రైనర్ కావాలనే ఒక లేట్ బెట్ పెట్టించింది. నేను పట్టుకున్నాను, చెయ్యి తొందరపడలేదు. మంచి మార్కులతో పాసయ్యాను. ఆ సంతోషంలో స్వీట్లు కొనుక్కుని మధ్యాహ్నమే ఇంటికొచ్చాను. ఆయనకి ఆ రోజు సెలవు. తలుపు తీస్తుండగా బాల్కనీలోంచి ఒక చప్పుడు వినిపించింది.

ఆ చప్పుడు ఈ లోకంలో ఎక్కడ విన్నా గుర్తుపడతాను. గరగర తిరుగుతున్న బంతి. ఫోన్‌లోంచి వస్తోంది, రేకు డబ్బాలో గోలీలాగా. అయినా అదే.

చేతిలో స్వీట్ల పెట్టెతో అలాగే నిలబడిపోయాను. ఆయన వెనక్కి తిరిగి చూశారు. దాచలేదు.

"డబ్బు కాదే. ఊరికే ఆడుకునేది. ఫ్రీ," అన్నారు.

"ఎప్పట్నుంచి?"

"ఆ ఉత్తుత్తి ఆట మర్నాటి నుంచి."

స్వీట్ల పెట్టె కింద పెట్టాను. అన్ని రోజులూ ఆయన సైటు నుంచి వచ్చి, స్నానం చేసి, నాతో కూర్చుని అన్నం తిని, మామూలుగానే ఉన్నారు. అరిచినా బాగుండేది. నేను ఆ పచ్చగుడ్డ ముందు నిలబడి చెయ్యి ఎలా నిలకడగా ఉంచాలో నేర్చుకుంటున్న గంటల్లోనే, ఇంట్లో ఆయన ఇది నేర్చుకుంటున్నారు.

"గెలవాలని కాదు," అన్నారు. "మూడు పోతే ఆగుతానన్నాను కదా. ఆగగలనో లేదో చూద్దామని మొదలెట్టాను. మూడు పోయాక ఫోన్ కింద పెట్టాలి, అంతే. అదొక్కటే పరీక్ష." ఫోన్ వైపు చూసుకున్నారు. "ఒక్కసారి కూడా పెట్టలేకపోయాను."

ఆయన కళ్ళలో నీళ్లు లేవు. ఆశ్చర్యం ఉంది. తన చెయ్యి వాచిందని చూసుకునే మనిషి మొహంలో ఉండే ఆశ్చర్యం. ఏళ్ల తరబడి వందలమందిని ఆగు, చూడు అని ఆపిన మనిషి, తన వేలిని తాను ఆపలేనని ఆ బాల్కనీలో నాకు చెబుతున్నారు.

ఫోన్ నా చేతిలో పెట్టారు. "నువ్వు తీసెయ్యి. నావల్ల అవ్వట్లేదు."

తీసేశాను. నిజంగా తీసెయ్యాలా అని ఫోన్ అడిగింది. అవునని నొక్కాను. ఆయన రోడ్డువైపు చూస్తూ నిలబడ్డారు. తర్వాత మా కంపెనీలో అడిగితే, స్టాఫ్ ఇంటివాళ్లు మా బల్లల మీద ఆడటానికి వీల్లేదని రూలుందని చెప్పారు. ఆ మాట ఇంటికొచ్చి చెబితే ఆయన "హమ్మయ్య" అన్నారు. అది విని నేను హాయిగా ఊపిరి తీసుకోవాలి. కానీ ఆ రూలు లేకపోతే ఏమయ్యేదో ఆయనకి తెలుసన్నమాట, అని నాకు అప్పుడు తట్టింది.

అది చెప్పిన రోజు సాయంత్రమే అజ్మాన్ చేపల మార్కెట్‌కి వెళ్ళాం. పడవలు అప్పుడే వచ్చినట్టున్నాయి, ఆరుబయట వేలం జరుగుతోంది. నేల మీద చేపలు కుప్పలుగా పోసి, ఒకతను అరబ్బీలో గుక్క తిప్పుకోకుండా ధర పెంచుతున్నాడు. చుట్టూ జనం తలలు ఊపుతున్నారు, వేళ్లు ఎత్తుతున్నారు. మంచి వంజరాలు కనిపించాయి. నేను ముందుకు వెళ్ళి చూస్తూ, ఆయన పక్కనే ఉన్నారనుకుని ఏదో అడిగాను.

తిరిగి చూస్తే ఆయన గుంపుకి బాగా వెనక, ఐసు పెట్టెల పక్కన నిలబడి ఉన్నారు. రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో ఉన్నాయి.

"నువ్వు చూడవే," అన్నారు అక్కడి నుంచే. "నేనిక్కడ ఉంటాను."